డీవీడీనా, బ్లూరేనా, ఫోనేనా? అనంతపురంలో పాత సినిమాలు దాచుకునేవాళ్లకి నా లెక్క

పోయిన ఆదివారం మా మిద్దె మీద సినిమా అయిపోయినాక అందరూ చాపలు చుట్టుకుని కిందికి దిగుతా ఉంటే మా వీధి పిల్లోడొకడు, బెంగుళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు ఊరికొస్తాడు, పక్కకొచ్చి నిలబడి "అన్నా, నేను కూడా నీ మాదిరి సినిమాలు కొని పెట్టుకుందామనుకుంటున్నా, డీవీడీ తీసుకోమంటావా, బ్లూరేనా, లేదంటే అన్నీ ఫోన్లోనే వస్తున్నాయి కదా గమ్మునుండమంటావా" అన్నాడు. ఆ పొద్దు నిలబడి చెప్పేంత చిన్న విషయం కాదప్పా రేపు ఉగ్గాని తినేటప్పుడు చెప్తాలే అని పంపించినా, వాడు పొద్దున్నే బస్సెక్కి పోయినాడు. అందుకే ఇది రాస్తా ఉన్నా, వానికీ, వాని మాదిరి ఈ పిచ్చి పట్టిన ఇంకొందరికీ.

ముందే చెప్తున్నా, ఒక నెల ఏమీ కొనొద్దు. ఎందుకంటే ఈ దారిలో మొదట పోయే దుడ్లన్నీ తప్పు డిస్కుల మీదే పోతాయి, నావి అట్లే పోయినాయి. డీవీడీయా బ్లూరేయా అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఏందంటే ఆ డిస్కుని ఏ ప్రింటు నుంచి, అంటే ఏ ఫిల్ము కాపీ నుంచి చేసినారు, నీ ఇంట్లో ఉండే ప్లేయరు దాన్ని ఆడిస్తుందా, నీతో కూర్చుని చూసేవాళ్లకి కింద వచ్చే అక్షరాలు అర్థమవుతాయా. ఈ మూడూ తేలితే మిగతాదంతా అదే తేలుతుంది.

అయినా సైజుల లెక్క ఒకసారి చూద్దాం, లేకపోతే షాపోడు చెప్పిందల్లా నమ్మాల్సి వస్తుంది. వీసీడీలో బొమ్మ 352 చుక్కలు అడ్డం, 288 నిలువు, అంటే మొత్తం లక్ష చుక్కలు. డీవీడీ 720కి 576, నాలుగు లక్షల పైచిలుకు. బ్లూరే 1920కి 1080, ఇరవై లక్షలు దాటుతుంది. 4కే డిస్కు దగ్గర దగ్గర 83 లక్షలు. వినడానికి శానా పెద్ద తేడా. కానీ 32 అంగుళాల టీవీని పది అడుగుల దూరంలో మంచం మీద పడుకుని చూసేవాడికి మంచి డీవీడీకీ బ్లూరేకీ తేడా కనపడడం కష్టమే, 4కే అయితే అస్సలు వద్దు, దుడ్లు దండగ. అదే మా మాదిరి మిద్దె మీద తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరు వేస్తే డీవీడీలో ఉండే లోపాలన్నీ బయటపడతాయి, ముఖాలు మైనం బొమ్మల్లా కనపడతాయి. ప్రొజెక్టరు కొనేవాళ్లకి ఒక మాట, డబ్బా మీద "4కే సపోర్ట్" అని రాసుంటే మురిసిపోవద్దు, అది 4కే వీడియో తీసుకుంటుంది అని మాత్రమే, చూపించేది నిలువున 480 చుక్కలే అయి ఉండొచ్చు. "నేటివ్" అనే మాట పక్కన ఎంత రాసినారో అది చూడండి.

వీసీడీ గురించి ఎక్కువ చెప్పను. ఒక్కో డిస్కులో 74 నిమిషాలు, మహా అయితే 80, అందుకే మన సినిమాలు రెండు మూడు డిస్కుల్లో వచ్చేవి, క్లైమాక్సు మొదలయ్యేటప్పుడే లేచి డిస్కు మార్చాలి. మోజర్‌బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్లు వచ్చి వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి అమ్మినప్పుడు మన ఊర్లో కిరాణా కొట్లల్లో కూడా సబ్బుల పక్కన సినిమాలు వేలాడేవి, మా ఇంట్లో ఒక అట్టపెట్టె నిండా అవే. ఇప్పుడు వాటిని కొనమని చెప్పను, ఉన్నవి పారేయమని కూడా చెప్పను. కొన్ని పాత తెలుగు సినిమాలు ఆ వీసీడీల్లో తప్ప ఇంకేడా నాకు కనపడలేదు. అట్లాంటివుంటే ఈ వారమే కంప్యూటర్లోకి కాపీ చేసి పెట్టుకోండి, ఎందుకంటే కొత్త బ్లూరే ప్లేయర్లు, గేమ్ కన్సోళ్లు చాలావాటిల్లో వీసీడీ ఆడదు.

ఇంగ డీవీడీ. నన్నడిగితే మొదలుపెట్టేవాళ్లకి ఇప్పటికీ ఇదే మంచిది, జనాలు దీన్ని చులకన చేస్తారు గానీ. సెకండ్ హ్యాండులో దొరుకుతుంది, ఏ దేశం డిస్కైనా కొద్దిపాటి తిప్పలతో ఆడుతుంది. డీవీడీలకి రీజియన్ నంబర్లు ఉంటాయి, ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్లోనే ఆడాలని పెట్టిన తాళం అది, అమెరికాది 1, యూరోపు జపాన్ 2, మనది 5. కానీ మనకి దొరికే చవక చైనా ప్లేయర్లు చాలావరకు నంబరు పట్టించుకోవు, పట్టించుకునేవాటికి కూడా రిమోట్లో ఏవో నాలుగు బటన్లు వరుసగా నొక్కితే తాళం ఊడిపోతుంది. కంప్యూటర్ డ్రైవు మాత్రం జాగ్రత్త, అందులో రీజియన్ ఐదుసార్లే మార్చుకోవచ్చు, ఐదోసారి ఏది పెట్టినారో దాని మీదే శాశ్వతంగా ఇరుక్కుపోతుంది, మా స్నేహితుడొకడు ఉత్సాహంలో ఒక్క సాయంత్రంలోనే ఐదూ వాడేసినాడు.

ఫారిన్ సినిమాలు కావాలనుకుంటే మన దేశంలోనే ఒకప్పుడు పాలడార్, ఎన్‌డీటీవీ లూమియేర్, ఎన్‌లైటెన్ లాంటి వాళ్లు చట్టప్రకారం హక్కులు తీసుకుని డీవీడీలు వేసినారు, మన ఆర్ట్ సినిమాలకి ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ వాళ్లు సినిమాస్ ఆఫ్ ఇండియా అని ఒక వరుస తెచ్చినారు. ఇవి ఇప్పుడు కొత్తవి దొరకవు గానీ పాత పుస్తకాల అంగళ్లలో, లైబ్రరీ మూసేసి అమ్ముకునేవాళ్ల దగ్గర కనపడుతుంటాయి, కనపడితే వదలొద్దు. కొనేముందు డిస్కు తిప్పి అడుగు చూడండి. వెండి రంగులో ఉంటే ఫ్యాక్టరీలో అచ్చు కొట్టింది. ఊదా రంగో నీలమో కనపడితే ఎవరో కంప్యూటర్లో కాల్చింది, దాంట్లో ఉండేది రంగు పొర, ఎండకీ వేడికీ అది చెడిపోతుంది, మన ఊరి మే నెలలో అయితే చెప్పేపనే లేదు. నేను కాలేజీ రోజుల్లో బెంగుళూరు పోయినప్పుడల్లా మెజెస్టిక్ చుట్టుపక్కల తిరిగి ఫుట్‌పాత్ మీద అట్లాంటివి సంచి నిండా తెచ్చుకున్నా, అవి దొంగ కాపీలని తెలిసే కొన్నా, ఇప్పుడు అందులో సగం డిస్కులు ప్లేయర్లో పెడితే గిరగిరా తిరిగి "నో డిస్క్" అంటాయి. తగిన శాస్తే.

డీవీడీలో ఇంకో మెలిక ఉంది, దీన్ని శానామంది గమనించరు. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములు, మన దగ్గరా యూరోపులోనూ ఉండే పాల్ పద్ధతి 25. అందుకని పాల్ డీవీడీల్లో సినిమాని రొంత వేగంగా తిప్పేస్తారు, 4 శాతం. జపాన్ డైరెక్టరు కురొసావా తీసిన సెవెన్ సమురాయ్ 207 నిమిషాల సినిమా, దాన్ని ఇట్ల తిప్పితే ఎనిమిది నిమిషాలు ముందే అయిపోతుంది, సీన్లేవీ కొయ్యలేదు, పరుగెత్తించినారంతే. గొంతులు కూడా రొంత సన్నబడతాయి. మామూలుగా చూసేవాళ్లకి తెలీదు, సంగీతం తెలిసినోళ్లకి చెవిలో ముల్లు గుచ్చినట్టుంటుంది. బ్లూరేలో ఈ గోల లేదు, 24కి 24 వస్తుంది.

ప్రింటు సంగతి కొస్తా, నాకు అసలు చెప్పాలనిపించిందే ఇది. సత్యజిత్ రే తీసిన, అపు అనే పిల్లోడి కథ చెప్పే సినిమాలు మూడింటి నెగెటివ్‌లు, అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ములు, 1993లో లండన్ ల్యాబులో మంటలంటుకుని కాలిపోయినాయి. కాలిన ముక్కల్ని పారేయకుండా అమెరికాలో ఆస్కార్లిచ్చే అకాడెమీ వాళ్ల ఆర్కైవులో దాచినారు, తర్వాత ఇటలీలో బొలోన్యా ల్యాబు వాళ్లు ఆ పెళుసుబారిన ఫిల్ముని మెత్తబరిచి, చేత్తో అతుకులేసి, ఒక్క ఆ పనికే దగ్గర దగ్గర వెయ్యి గంటలు పట్టిందంట, మూడింట్లో మొదటిదైన పథేర్ పాంచాలీలో 40 శాతం దాకా ఆ కాలిన నెగెటివ్ నుంచే వెనక్కి తెచ్చినారు, మిగతాది వేరే మంచి కాపీల నుంచి తీసి 2015లో 4కేలో బయటికి తెచ్చినారు. ఇప్పుడు చెప్పండి, ఆ పనికి ముందొచ్చిన గీతలు పడిన డీవీడీ, ఆ తర్వాతొచ్చిన బ్లూరే, రెండింటి మీదా పేరు ఒకటే, లోపలుండేది మాత్రం వేరే. నేను ముందు డీవీడీలోనే చూసినా, రైలు సీను కూడా బూడిద రంగు మబ్బులోంచి చూసినట్టే చూసినా, "గొప్ప సినిమా అంటారు గానీ ఇదేందప్పా" అనుకున్నా కూడా. తర్వాత కొత్తది మిద్దె మీద వేస్తే ఆ గడ్డిపూల మీద వెలుగు చూసి మా పెద్దాయన ఒకాయన, సినిమాల మీద పెద్ద మోజు లేనోడు, "ఇది మన ఊరవతల చెరువు గట్టు మాదిరే ఉంది కదరా" అన్నాడు. 

జర్మన్ మూకీ సినిమా మెట్రోపొలిస్ కూడా అంతే. 1927 నాటిది, విడుదలైన కొన్నాళ్లకే కత్తిరించేసినారు, ఆ ముక్కలు పోయినాయనే అందరూ అనుకున్నారు, 2008లో బ్యూనస్ ఎయిరిస్‌లో ఒక 16 ఎంఎం కాపీ బయటపడింది, దాంతో 25 నిమిషాల దాకా కొత్తగా చేర్చి 2010లో వేసినారు. కాబట్టి అంతకుముందు డిస్కు ఎంత చవగ్గా దొరికినా అది సగం కథే. కొనేముందు అట్ట వెనక మూడు చూడండి: సినిమా ఎన్ని నిమిషాలని రాసినారు, రిస్టోరేషన్, అంటే పాత ఫిల్ముని బాగుచేసే పని, ఏ సంవత్సరంలో ఎవరు చేసినారు, బొమ్మ ఆకారం ఎంత. అట్ట మీద "రీమాస్టర్డ్" అని ఒట్టి మాట ఉండి సంవత్సరం లేకపోతే నేను నమ్మను.

బొమ్మ ఆకారం అన్నాను కదా. 1950ల దాకా దాదాపు అన్ని సినిమాలూ నలుచదరానికి దగ్గరగా ఉండేవి, ఈ కాలం టీవీలో వేస్తే రెండు పక్కలా నల్లటి పట్టీలొస్తాయి, రావాలి. మా మామ ఇంట్లో ఆ పట్టీలు చూసి "టీవీకి దుడ్లు మొత్తం ఇచ్చినాం, సగం చూపిస్తే ఎట్లా" అని రిమోట్లో నొక్కి సాగదీసినాడు, హీరోయిన్లందరూ ఒక్కసారిగా బొద్దుగా అయిపోయినారు. టీవీలో ఆ సాగదీసే సెట్టింగు తీసేయండి, దాంతోపాటు బొమ్మని నున్నగా చేసే మోషన్ సెట్టింగు కూడా, అది ఉంటే 1950 నాటి సినిమా కూడా సాయంత్రం సీరియల్లా కనపడుతుంది. ఈ పనికి పైసా ఖర్చు లేదు, కొత్త డిస్కు కొన్నదానికంటే ఎక్కువ తేడా కనపడుతుంది.

బ్లూరేకి వస్తే నా బోల్తా కథ చెప్పక తప్పదు. మా పిన్ని కొడుకు అమెరికాలో ఉంటాడు. ఆడ క్రైటీరియన్ అని ఒక కంపెనీ, 1984లో, డీవీడీలకి ముందుండే లేజర్‌డిస్కులతో మొదలైంది, సినిమాతో పాటు వెనకాల ఎవరో పండితుడు మాట్లాడతా వివరించే కామెంటరీ ట్రాకు అనే పద్ధతి మొదలైంది వాళ్ల దగ్గరే, దేశదేశాల సినిమాలు మంచి ప్రింటుతో, చిన్న పుస్తకంతో సహా వేస్తారు. ఆడొక పుస్తకాల షాపోళ్లు జూలైలో, నవంబర్లో వాటిని సగం ధరకిస్తారు. వాడిని బతిమాలి పన్నెండు తెప్పించుకున్నా, సూట్‌కేసులో బరువని డబ్బాలు తీసేసి అట్ట కాగితాలూ డిస్కులూ వేరు చేసి తెచ్చినాడు పాపం. ఇంటికొచ్చి ప్లేయర్లో పెడితే "ఈ డిస్కు మీ ప్రాంతంలో ఆడదు" అని తెర మీద ఒకే ఒక్క ముక్క. బ్లూరేకి కూడా తాళాలున్నాయి, అమెరికా జపాన్ కొరియా ఎ, యూరోపు ఆస్ట్రేలియా బి, మనం చైనా రష్యాలతో కలిసి సి. క్రైటీరియన్ అమెరికా డిస్కులు ఎ తాళంతో వస్తాయి, వాళ్లే ఇంగ్లండులో వేసేవి బి. మన ఊర్లో కొన్న ప్లేయరు సి. డీవీడీ మాదిరి రిమోట్ బటన్లతో ఊడే తాళం కాదిది, లోపల మార్పు చేసి అమ్మే ప్లేయరు కావాలి, అది మామూలు దానికంటే బాగా ఎక్కువ రేటు. ఎనిమిది నెలలు ఆ పన్నెండు డిస్కులూ బీరువాలో చీరల కింద ఉన్నాయి, మా ఆవిడ ఎప్పుడు బీరువా తెరిచినా నా వైపు ఒక చూపు చూసేది.

ఇట్ల కాకూడదంటే రెండు దారులు. అన్ని కంపెనీలూ తాళం వెయ్యవు, అట్ట వెనక చిన్న గోళం బొమ్మలో ఎ బి సి మూడూ రాసుంటే ఏ ప్లేయర్లోనైనా ఆడుతుంది, కొనేముందు ఆ గుర్తు ఫోటో తీసి పంపమని అడగండి. రెండోది, తాళం ఉండే డిస్కులు ఆరేడుకి మించి కొనాలని గట్టిగా ఉంటే ముందు డిస్కులు కాదు, అన్ని ప్రాంతాలూ ఆడే ప్లేయరు కొనండి. బ్లూరే తాళమూ డీవీడీ తాళమూ ఒకే ప్లేయర్లో రెండు వేరువేరు తాళాలని కూడా గుర్తుపెట్టుకోండి, "రీజియన్ ఫ్రీ" అని అమ్మేవాడు చాలాసార్లు డీవీడీ సంగతే చెప్తాడు, బ్లూరేకి కూడానా అని నోరు తెరిచి అడగాలి. నేను అడగలేదు. అది రెండో బోల్తా, దాని గురించి రాయను.

4కే డిస్కులకి మాత్రం ఒక సుఖం, వాటికి ప్రాంతాల తాళం లేదు. అమెరికాదైనా ఇంగ్లండుదైనా ఆడుతుంది. కానీ చిన్న కిటుకుంది, 4కే సెట్టులో చాలాసార్లు సినిమా ఒక డిస్కు, ఇంటర్వ్యూలూ డాక్యుమెంటరీలూ ఉండేది పక్కనుండే బ్లూరే డిస్కులో, ఆ బ్లూరేకి మళ్లీ తాళం ఉంటుంది. సినిమా ఒకటే చాలనుకుంటే బాధ లేదు. ప్లేస్టేషన్ 5 డిస్కు పెట్టే రకం ఇంట్లో ఉంటే 4కే ప్లేయరు ఉన్నట్టే, ప్లేస్టేషన్ 4లో మాత్రం బ్లూరే వరకే. బ్లాక్ అండ్ వైట్ సినిమాకి 4కే ఎందుకని అడుగుతారు, నేనూ అడిగినా. నలుపులో కూడా పది రకాల నలుపు ఉంటుంది, వాన సీన్లలో, దీపం వెలుగు సీన్లలో అది తెలుస్తుంది, పెద్ద తెర, మంచి టీవీ ఉంటేనే. లేకపోతే వద్దు, ఆ దుడ్లతో నాలుగు డీవీడీలొస్తాయి.

ఫోనూ, ఓటీటీ సంగతి. నేను వాటికి వ్యతిరేకిని కాదు, మా మిద్దె మీద వేసిన సినిమాల్లో సగం ముందు ఓటీటీలో చూసి నచ్చినాకే డిస్కు కొన్నవి. మూబీ అనే ఓటీటీ వాళ్లు 2019 చివర్లో మన దేశానికొచ్చినారు, ఫారిన్ సినిమాలు రుచి చూడడానికి అది బాగుంటుంది. రష్యా మోస్‌ఫిల్మ్ స్టూడియో వాళ్లు తమ పాత సినిమాలు సొంతంగా యూట్యూబులోనే పెట్టినారు, పెద్ద డైరెక్టరు తర్కోవ్‌స్కీ సినిమాలతో సహా, శానావాటికి ఇంగ్లీషు అక్షరాలతో, ఉచితంగా. డిస్కు కొనే ముందు ఒకసారి ఆడ చూడడం నయం. ఓటీటీతో ఇబ్బంది రెండు. ఒకటి, హెచ్‌డీ బొమ్మకి నెట్‌ఫ్లిక్సోళ్లు నెట్ స్పీడు 5 ఎంబీపీఎస్ ఉంటే చాలంటారు, బ్లూరే డిస్కు ఒక్క బొమ్మకే 40 దాకా పోగలదు, రెండూ 1080యే, కానీ చీకటి సీన్లలో ఓటీటీ బొమ్మ మెట్లు మెట్లుగా, ఈగలు ముసిరినట్టు అయిపోతుంది. రెండోది, ఈ నెల ఉన్న సినిమా వచ్చే నెల ఉండదు. ఆదివారం వేద్దామని మనుషుల్ని పిలిచి, శనివారం రాత్రి చూస్తే లిస్టులో లేకుండా పోయింది, ఒకసారి అట్లా అయి చివరికి మాయాబజార్ వేసి గట్టెక్కినా.

మాయాబజార్ అన్నాక మన పాత సినిమాల గురించి చెప్పాలి. దాన్ని తీసిన కె.వి.రెడ్డి మన తాడిపత్రి మనిషి, బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు పక్కన కడప జిల్లా వాళ్లు, అంటే తెలుగు సినిమా మంచి రోజుల్లో సగం మన సీమ చేతుల్లోనే నడిచింది. మరి వాళ్ల సినిమాలకి మంచి డిస్కులు ఉన్నాయా అంటే, నాకైతే ఒక జపాన్ సినిమాకి దొరికినంత శుభ్రమైన డిస్కు దొరకలేదు. మాయాబజార్ 2010లో రంగులేసి విడుదల చేసినారు, థియేటర్లో చూసి అందరూ సంబరపడినాం, నేనూ చప్పట్లు కొట్టినా. కానీ బొమ్మని సినిమాస్కోప్ అనే వెడల్పు ఆకారానికి మార్చినారు, నలుచదరం బొమ్మని వెడల్పు చేయాలంటే పైనో కిందో పోతుంది, లేదంటే సాగుతుంది, మూడో దారి లేదు. దాచుకోవడానికైతే నా ఓటు బ్లాక్ అండ్ వైట్ పాత ఆకారానికే, అది ఎంత గీతలు పడిన డీవీడీ అయినా సరే. మన దేశంలో సినిమా మీద కాపీరైటు విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు, అందుకే 1950ల సినిమాలు యూట్యూబులో ఒక్కోటి పదిమంది పెట్టినవి కనపడతాయి, వాటిల్లో ఏది పొడుగు ఎక్కువుందో, ఏది సాగదీయనిదో చూసుకోవాలి, పేరూ కంపెనీ లోగో చూసి కాదు.

సబ్‌టైటిల్స్ గురించి ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అన్నిటికంటే ఇదే పెద్ద తలనొప్పి. నువ్వొక్కడివే చూస్తే ఇంగ్లీషు అక్షరాలు చాలు. మిద్దె మీదికి మా అమ్మా, రిటైరైన ఇద్దరు టీచర్లూ, ఎదురింటి టైలరు, పదో తరగతి పిల్లలూ వస్తారు. ఇంగ్లీషు చదవడం వచ్చినా అంత బిన్నా చదవలేరు, చదివేలోపు అక్షరం పోతుంది. మొదట్లో నేనే పక్కన నిలబడి తెలుగులో గట్టిగా చెప్పేవాణ్ణి, తోలుబొమ్మలాట మాదిరి, పిల్లలకి అది శానా నచ్చింది, టీచర్లకి నచ్చలేదు. ఇప్పుడు ఏం చేస్తున్నానంటే ముఖ్యమైన సినిమాలకి తెలుగు అక్షరాలు సొంతంగా రాస్తున్నా. ఈ పని ఏ డిస్కు ప్లేయర్లోనూ కాదు, ఎందుకంటే డీవీడీ అయినా బ్లూరే అయినా అందులో అక్షరాలు బొమ్మల రూపంలో ఉంటాయి, మార్చలేం, చేర్చలేం. కంప్యూటర్లో ఫైలుగా ఉండే సినిమాకి మాత్రం ఎస్‌ఆర్‌టీ అనే ఫైలు జత చేయొచ్చు, అది మామూలు నోట్‌ప్యాడ్ ఫైలే, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఏ మాట అని రాసుకుంటూ పోవడమే, సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్ 8 అని పెట్టాలి, లేకపోతే తెలుగు అంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

దాన్ని పెన్ డ్రైవులో వేసి టీవీకి గుచ్చితే అయిపోతుందనుకున్నా, మా టీవీ ఒత్తులన్నీ ఊడదీసి పక్కన పెట్టింది, "స్త్రీ" అనే మాట మూడు ముక్కలైంది. లాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరు పెట్టి, నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఎంచుకుని, హెచ్‌డీఎంఐ తీగతో ప్రొజెక్టరుకి ఇస్తే శుభ్రంగా వచ్చింది. ఇందాక చెప్పిన 24, 25 గోల ఈడ కూడా తగులుతుంది, బ్లూరేకి సరిపోయేలా రాసిన అక్షరాలని పాల్ డీవీడీకి పెడితే మొదట్లో బాగానే ఉండి గంటయ్యేసరికి రెండున్నర నిమిషాలు వెనకబడతాయి, హీరో చచ్చిపోయినాక వాని డైలాగు వస్తుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేరుంది, దాంట్లో ఫ్రేము రేటు మార్చే బటన్ నొక్కితే ఒక్క దెబ్బకి సరిపోతుంది. ఇది తెలియక నేను రెండు రాత్రులు ఒక్కో లైనూ చేత్తో జరిపినా.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడాలనుకునేవాడికి నేను బ్లూరే కంటే లాప్‌టాపే ముందంటా. ఒంటరిగా, హెడ్‌ఫోన్ పెట్టుకుని, కామెంటరీ వింటా, ఆ చిన్న పుస్తకం చదువుకుంటా చూసేవాడికైతే డిస్కే. సినిమా అయినాక మాట్లాడుకోవడానికి ఆ కామెంటరీ, ఇంటర్వ్యూలు బాగా పనికొస్తాయి, అయితే ముందే విని వచ్చి అందరికీ పాఠం చెప్పొద్దు, నేను మొదట్లో అదే చేసి మూడు వారాలకి మనుషుల్ని పోగొట్టుకున్నా. ఇప్పుడు సినిమా కాగానే బొరుగులు పంచి "ఎవరు తప్పు చేసినారంటారు" అని ఒక్క మాట అడిగి నోరు మూసుకుంటా, అరగంటలో కొట్టుకునే దాకా వస్తారు.

ఇంగ పిల్లోడికి దుడ్ల లెక్క కూడా చెప్పాలి కదా. చేతిలో పది వేలుంటే నేనైతే ఇట్ల చేస్తా: ఒక నెల ఓటీటీలో, యూట్యూబులో చూసి, మళ్లీ చూడాలనిపించినవి కాగితం మీద రాసుకుంటా. నెల తర్వాత ఆ కాగితం చూసుకుంటే సగం పేర్లు ఎందుకు రాసినామో కూడా గుర్తుండదు, అవి కొట్టేయాలి. సెకండ్ హ్యాండ్ డీవీడీ ప్లేయరొకటి, నేను మాది 1200కి కొన్నా, కొనేముందు అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడుతుందా అని ఒక అమెరికా డిస్కు పెట్టి చూసుకోవాలి. మిగిలినదాంట్లో సగం పాత డీవీడీలకి, సగం అట్లనే పక్కన పెట్టి, కాగితం మీద కొట్టేయకుండా మిగిలిన వాటిల్లో ఒకటో రెండో తాళం లేని బ్లూరేలకి. బ్లూరే ప్లేయరు అప్పుడు కాదు, డిస్కులు నాలుగు పోగైనాక. ముందే ప్లేయరు కొంటే దానికి తిండి పెట్టడానికని పనికిరానివన్నీ కొంటాం. బయటి దేశం నుంచి పోస్టులో ఒక్కొక్కటీ తెప్పించొద్దు, డిస్కు రేటు కంటే కొరియరూ కస్టమ్సూ ఎక్కువైపోతాయి, ఎవరన్నా వచ్చేదాకా ఆగి ఒకేసారి తెప్పించుకోండి.

అప్పివ్వడం గురించి, పుస్తకం వనితా విత్తం అన్న శ్లోకంలో డిస్కుని కూడా చేర్చాలి, పరహస్తం గతం గతః. నా దగ్గరుండే ఒకే ఒక్క జపాన్ సెట్టులో రెండో డిస్కు లేదు, ఎవరికిచ్చినానో గుర్తుంది, ఆయన మాత్రం తీసుకోలేదంటాడు. అప్పటి నుంచి ఒక రఫ్ నోటుబుక్కులో తేదీ వేసి సంతకం పెట్టించుకుంటున్నా, నవ్వుతారు గానీ పెడతారు.

ఇంగ మన ఊరి దుమ్మూ ఎండా. డిస్కులు పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, పుస్తకాల మాదిరి నిలబెట్టండి. పడమటి గోడకి ఆనుకుని ఉండే అలమరాలో వద్దు, మే నెలలో ఆ గోడ రాత్రి పదకొండుకి కూడా చేత్తో తాకలేనంత కాగి ఉంటుంది. దుమ్ము పడితే లోపలి నుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతా రుద్దితే గీత పడి డిస్కు ఆడే దారి మొత్తం పోతుంది. తుడవడానికి బోరు నీళ్లు మాత్రం వద్దు, ఆరినాక తెల్లగా ఉప్పు మరక మిగులుతుంది, నాలుగు డిస్కుల మీద ఆ మరకలు నా దగ్గర ఇంకా ఉన్నాయి, క్యాను నీళ్లు చెంచాడు తీసుకుని పాత బనీను గుడ్డతో అద్దితే సరిపోతుంది. వచ్చే ఆదివారం సెవెన్ సమురాయ్ వేస్తున్నాం, మధ్యలో సినిమాలోనే ఇంటర్వెల్ ఉంది కాబట్టి రెండు రాత్రులు, మొదటి సగానికి తెలుగు అక్షరాలు అయిపోయినాయి, రెండో సగం ఇంకా 300 లైన్లున్నాయి, పిల్లోడా నువ్వు శుక్రవారమే వస్తే లాప్‌టాప్ తెచ్చుకో.